చేప పడని ఆదివారం

గత సంచికలో ఈ 'తీరిక వేళ' శీర్షిక క్రింద బాల్కనీలో ఆకుకూరల పెంపకాన్ని గురించి ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం ఎన్నుకొన్న వస్తువు కొంత విచిత్రమైనది. గాలం వేసి, గట్టున కూర్చుని, సాయంత్రం దాకా ఎదురుచూచి, వట్టి సంచితో ఇంటికి తిరిగి రావడం! ఇందులో వ్రాయదగినది ఏమున్నదని పాఠకులు సందేహింపవచ్చును. మొన్నటి శీతకాలం వరకు నాకూ ఆ సందేహమే ఉండేది.

మా నాన్నగారి వయస్సు 84 సంవత్సరాలు. ఆకివీడు ప్రాంతంలో, గోదావరి పశ్చిమ డెల్టా కాలువ శివారున ఒక లాకు వద్ద లస్కరుగా ఉద్యోగ జీవితమంతా గడిపిన వ్యక్తి. లాకు తలుపులు తెరవడం, మూయడం, పడవలు దాటించడం, నీటిమట్టం చూచి పుస్తకంలో వ్రాయించడం ఆయన విధులు. మా అమ్మగారు స్వర్గస్థులైన పిమ్మట, రెండేళ్ళ క్రితం, ఆయనను ఢిల్లీకి తీసికొని వచ్చి సరోజినీ నగర్‌లోని మా యింట ఉంచుకొన్నాము. హైదరాబాదులో 1879లో జన్మించిన సరోజినీదేవి పేరిట వెలసిన పేట ఇది. మెట్రో రైలులో ఇక్కడి నుండి మూడవ స్టేషనుకు రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. నడుమనున్న మోతీబాగ్ స్టేషను పేరులో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఉన్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్నగారు సంతోషించారు. అయితే పేర్లు మనవైనంత మాత్రాన పేట మనదవుతుందా? చుట్టూ వినిపించే భాష ఆయనకు రాదు. పాత క్వార్టర్లు కూల్చి అంతస్తుల మేడలు కడుతున్న చోట క్రేన్ల చప్పుడే ఆయనకు తోడు. క్రమంగా మాట తగ్గింది. మరపు పెరిగింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, "ఒరేయ్, కాలువకు నీళ్ళు వదిలారా?" అని అడిగేవారు. ముందు "ఇది ఢిల్లీ నాన్నగారూ" అని చెప్పేవాడిని. తరువాత "వదిలారండీ" అనడం నేర్చుకొన్నాను.

మరపును పూర్తిగా నయం చేసే మందు లేదనీ, మనసుకు నచ్చిన పని ఏదైనా కల్పించమనీ వైద్యులు సలహా యిచ్చారు. ఆయనకు నచ్చిన పని ఏమిటి? నా శ్రీమతి వెంటనే అన్నది: "మావయ్యగారికి నీళ్ళు కావాలండీ."

ఢిల్లీలో నీళ్ళంటే యమున కదా! ఒక ఆదివారం లజపత్ నగర్‌లోనూ, కాల్కాజీ మందిర్‌లోనూ రైళ్ళు మారి కాళిందీ కుంజ్‌కు వెళ్ళాము. అక్కడి ఓఖ్లా వద్దనే 1874లో ఆగ్రా కాలువకు నీళ్ళు మళ్ళించే ఆనకట్ట పనిచేయడం మొదలుపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట తెలిసిన మనిషికి ఇది చూపించవలెనన్నది నా ఉబలాటం. తీరా చూస్తే నది మీద తెల్లని నురుగు దూది పరచినట్లు తేలుతున్నది. వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు యమున ప్రవహించే దూరం సుమారు 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల నదిలో ఇది రెండు శాతమైనా కాదు. అయినను ఆ నది మోస్తున్న కాలుష్యంలో అధిక భాగం ఈ కొద్ది దూరంలోనే చేరుతున్నది. నాన్నగారు కొంతసేపు చూచి, "దీనికి ఊపిరి ఆడటం లేదురా, పోదాం పద" అన్నారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను గూర్చి నేను చదివిన పాఠాలన్నీ ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశారు. పైగా అక్కడిది పక్షుల అభయారణ్యం, గాలం వేయరాదు. వేసినా ఆ చేపను తినరాదు.

చివరకు ఒక సహోద్యోగి ద్వారా హర్యానాలో, ఝజ్జర్ వైపు ఒక రైతు చేపల చెరువు తెలిసింది. రుసుము చెల్లించి రోజంతా గట్టున కూర్చుని గాలం వేసికోవచ్చును. డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం నాన్నగారితో ప్రయాణమైనాను. వెదురు కర్ర, నైలాను దారం, సీసపు గుండు, బెండు, చిన్నా పెద్దా ముళ్ళు నాలుగు, గోధుమ పిండి ముద్ద, డబ్బాలో వానపాములు — ఇవీ మా సరంజామా. ఆయన చేతికి కర్ర అందించగానే వ్రేళ్ళు వాటంతట అవే ముడి వేశాయి. పొద్దున తిన్న టిఫిను గుర్తులేని మనిషికి ఏడవ ఏట నేర్చిన ముడి గుర్తున్నది!

గాలం వేయడం మన దేశంలో పురాతనమైన వినోదమే. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో 'మత్స్య వినోదం' అనే ప్రకరణమే ఉన్నది. ఏ చేపకు ఏ ఎర తగునో ఆ రాజు అందులో వివరించాడు. ఆంగ్లేయులు పవిత్రంగా చూచుకొనే ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653 నాటిది, అనగా దాని కంటె ఐదు శతాబ్దాలు చిన్నది. ఇక మన విశాఖపట్నంలో ఉండి అక్కడి చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 200 చేపల బొమ్మలతో 1803లో లండనులో ప్రచురించిన గ్రంథంలో మన జాలరుల నోటి తెలుగు పేర్లనే ఆ చేపలకు వ్రాసికొన్నాడు.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఈ సంగతులు ఫోనులో చెప్పాను. వాడు అక్కడ సెలవు దినాలలో 'బాస్' చేపలకు గాలం వేస్తాడట. పట్టి, ఫోటో తీసికొని, మళ్ళీ నీళ్ళలోనే వదలిపెడతాడట. జార్జియా రాష్ట్రంలో 1932లో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే సుమారు 10 కిలోలు. దాదాపు ఎనభై ఏళ్ళు దానికి సాటి రాలేదు. 2009లో జపానులోని బివా సరస్సులో దొరికిన చేప దానితో సరితూగినది. ఇదంతా నాన్నగారికి చెబితే, "పది కిలోలేనా? మన పండుగప్ప అంతకు మించుతుంది" అని తేల్చివేశారు. కుటుంబాలు వేరైనా ఇంగ్లీషువారు మన పండుగప్పను కూడా 'ఆసియా సముద్రపు బాస్' అనే వ్యవహరిస్తారు. తూములు, లాకులు, వంతెన స్తంభాల చాటున పొంచి ఉండి, నోరు ఒక్కసారిగా తెరచి నీటితోపాటు చిన్న చేపను లోనికి పీల్చుకొంటుంది. గ్రుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి పోతుంది. పిల్లలు కాలువలు, ఏరులు ఎక్కి వస్తాయి. కొల్లేటిని బంగాళాఖాతంతో కలిపే ఉప్పుటేరు వాటికి రాజమార్గం. మరొక వింత ఏమనగా, ఈ చేప తొలి వయస్సులో మగది. కొన్నేళ్ళకు పెరిగి ఆడది అవుతుంది. అందుచేత బాగా పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ తల్లులే. చెన్నైలోని కేంద్రీయ పరిశోధనా సంస్థవారు 1997లో దీనిచేత కృత్రిమంగా గ్రుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. నేడు మన తీర జిల్లాల చెరువులలో పెంచుతున్నారు.

ఝజ్జర్ చెరువులో పండుగప్పలు లేవు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ ఉన్నాయి. ఉన్నాయని రైతు చెప్పాడు గాని మా గాలానికి మాత్రం కనబడలేదు. మొదటి ఆదివారం ఒక్కటీ పడలేదు. రెండవ ఆదివారమూ అంతే. మూడవ ఆదివారం సాయంత్రం ఆ రైతు జాలిపడి, వల వేసి రెండు కిలోల చేప తీసి యిస్తానన్నాడు. నేను ఔనందామనుకొన్నాను. నాన్నగారు తల అడ్డంగా ఊపి, "చేప కావాలంటే బజారులో లేదా?" అన్నారు. నిజమే. మా పేటకు ప్రక్క స్టేషనే ఐ.ఎన్.ఏ. అక్కడి బజారులో కావలసినన్ని చేపలు దొరుకుతాయి.

ఇంజనీరునైన నాకు ఈ వైఫల్యం మింగుడుపడలేదు. నాల్గవ ఆదివారం ఉష్ణమాపకం వెంట తీసికొని వెళ్ళాను. ఉదయం నీటి ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. చేప శీతల రక్త ప్రాణి. దాని శరీరంలోని రసాయనిక చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది, తగ్గితే సగమవుతుంది. 28 డిగ్రీల వర్షాకాలపు నీటిలో పూటపూటకూ ఆకలిగొనే శీలావతి, 14 డిగ్రీల నీటిలో మేతను చూచినా చూడనట్లే ఉంటుంది. చెరువులో చేప లేక కాదు. దానికి ఆకలి లేక మన గాలం ఖాళీ. వేసవిలో కారణం వేరు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర మాత్రమే. రాత్రంతా నీటిలోని మొక్కలూ నాచూ కూడా దానిని పీల్చుకొంటాయి గనుక తెల్లవారేసరికి చెరువులో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి దిగుతుంది. వరుసగా మబ్బు పట్టిన రోజులలో మరీ తగ్గిపోతుంది. నీటి పైకి వచ్చి నోరు తెరచుకొనే చేప ఎరను పట్టించుకోదు.

ఇంత విశ్లేషణ చేసి, ఆ ఉదయమే నేను పెద్ద ముల్లు తీసి చిన్నది కట్టాను. వానపాము బదులు పిండి ముద్ద గుచ్చాను. బెండును అరగజం పైకి జరిపాను. చోటు కూడా మార్చి అవతలి మూలకు పోదామన్నాను. నాన్నగారు నా చేయి పట్టుకొని ఆపారు.

"నాలుగూ ఒకసారే మారుస్తావేంట్రా? రేపు పడితే దేనికి పడిందో నీకెట్లా తెలుస్తుంది? ఒకటి మార్చు. అరగంట చూడు. తరువాత రెండోది."

ఆ మాట వినగానే ముప్పై ఏళ్ళ వెనుకటి రాత్రి డ్యూటీ ఒకటి నా కళ్ళ ముందు నిలచినది. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక విద్యుత్ కేంద్రంలో బాయిలరుకు నీరందించే పంపు కంపన అధికమైంది. ఉత్సాహం కొద్దీ నేను ఆయిలు మార్పించాను, పునాది బోల్టులు బిగింపించాను, కప్లింగు సరిచేయించాను — అన్నీ ఆ ఒక్క రాత్రిలోనే. తెల్లవారేసరికి కంపన తగ్గింది. అందరూ అభినందించారు. మూడు వారాల తరువాత అది మళ్ళీ పెరిగి బేరింగు పగిలి పంపు నిలచిపోయింది. ఏది రోగమో, ఏది మందో మాకెవ్వరికీ తెలియదు. ఎందుకంటే తెలిసికొనే అవకాశం నేనే పోగొట్టాను. ఎవ్వరూ నన్ను నిందించలేదు గాని, ఆ పంపును నేను మరువలేదు. మన పిల్లలకు చెప్పే ఏడు చేపల కథలో రాకుమారుడు చేప ఎందుకు ఎండలేదో తెలిసికొనడానికి గడ్డిమోపు నుండి చీమ వరకు ఒక్కొక్కరినే, వరుస తప్పకుండా, ప్రశ్నిస్తూ పోతాడు. అందరినీ ఒకేసారి పిలిచి దండించడు. మూల కారణాన్ని వెదకే పద్ధతిని ఇంతకంటె తేలికగా బోధించిన పాఠ్యగ్రంథాన్ని నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం గట్టున కూర్చుని బెండును చూస్తూ ఉండగా మరొక ఆలోచన నన్ను కలచివేసింది. నాన్నగారి విషయంలో నేను చేసినది కూడా ఆ పంపు పనే కదా! ఆయన ఊరు, ఇల్లు, భాష, భోజన వేళలు, పడుకొనే మంచం, పలకరించే మనుషులు — అన్నింటినీ ఒక్క వారంలో మార్చివేశాము. అదీ అమ్మ పోయిన నెలలోనే. ఆ పిమ్మట "మతిమరుపు పెరుగుతున్నది, ఎందుచేతనో" అని వైద్యుల చుట్టూ తిరిగాము. అన్నీ మారిన చోట దేని వలన అని ఏ వైద్యుడు చెప్పగలడు?

మూడు గంటల వేళ, ఆయన చెప్పినట్లు ఒకటే మార్పు చేశాము. ఎండ పడుతున్న పశ్చిమపు గట్టున, నీరు పలుచగా ఉన్న చోటికి జరిగాము. ఉష్ణమాపకం పెట్టి చూస్తే అక్కడ 17 డిగ్రీలు! మూడు డిగ్రీల తేడా నాకు పరికరంతో గాని తెలియలేదు. నాన్నగారికి గట్టు మీద ఎండ చూస్తేనే తెలిసింది. మరో అరగంటకు బెండు కదిలింది. మునగలేదు, ప్రక్కకు నెమ్మదిగా జరిగింది. "బంగారుతీగ. ఆగు, లాగకు" అన్నారాయన. నేను ఆగలేదు. నాలుగు ఆదివారాల ఆత్రం నా చేతిలో ఉన్నది. విసురుగా లాగాను. ముల్లు ఖాళీగా గాలిలోకి లేచి నా టోపీకి తగులుకొన్నది. నాన్నగారు నా వైపు చూచి, పెద్దగా నవ్వారు. అమ్మ పోయిన తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఈ అనుభవాన్ని బట్టి, చేపలు మందకొడిగా ఉన్న రోజున పాటింపదగిన సూచనలు కొన్ని మన ఉద్యోగుల కుటుంబాల ఉపయోగార్థం క్రోడీకరిస్తున్నాను.

1. ముందుగా అనుమతి విచారించండి. నదులలోనూ జలాశయాలలోనూ గాలం వేయడానికి మత్స్యశాఖవారి లైసెన్సు అవసరం కావచ్చును. అభయారణ్యాలలోకి వెళ్ళవద్దు. వర్షాకాలం చేపలు గ్రుడ్లు పెట్టే కాలం, వాటిని విడచిపెట్టండి.

2. శీతకాలంలో ఉదయం తొందరపడి పోనవసరం లేదు. మధ్యాహ్నపు ఎండ తగిలే పలుచని నీరు వెదకండి. వేసవిలో ఇందుకు విరుద్ధంగా నీడనూ, నీరు వచ్చి పడే తూము దాపునూ ఆశ్రయించండి.

3. ఆకలి తక్కువైన చేపకు చిన్న ముల్లు, చిన్న ఎర, తేలికైన బెండు. మేత ఎక్కువగా చల్లవద్దు. కడుపు నిండిన చేప మీ ఎర జోలికి రాదు.

4. బొచ్చె పై నీటిలో, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. బెండు ఎత్తు దానిని బట్టి ఉంచండి. చలిని తట్టుకొని మేసేది వీటిలో బంగారుతీగయే.

5. గట్టున అడుగుల చప్పుడు నేల గుండా నీటికి చేరుతుంది. నీడ నీటిపై పడకుండా కూర్చోండి. పిల్లలను ఒంటరిగా గట్టున విడువవద్దు. విరిగిన ముళ్ళనూ, తెగిన నైలాను దారాన్నీ అక్కడ వదలక ఇంటికి తెచ్చి పారవేయండి. పక్షుల కాళ్ళకు ఆ దారమే ఉరి అవుతుంది.

6. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చిన తరువాత వేచి ఉండండి.

సంక్రాంతికి సెలవు పెట్టి నాన్నగారిని ఊరికి తీసికొని వెళ్ళాను. ఉప్పుటేటి గట్టున ఇద్దరం ఒక పూట కూర్చున్నాము. పాత తూము స్తంభం వెనుక నీరు సుడి తిరిగే చోటు చూపించి, "చేప నీళ్ళు పరుగెత్తే చోట ఉండదురా, పరుగు తగ్గే చోట ఉంటుంది. పరుగులోంచి కొట్టుకొచ్చేదాన్ని అక్కడ నిలబడి పట్టుకుంటుంది" అన్నారు. ద్రవగతి శాస్త్రంలో నేను ఇంతకంటె ఎక్కువ నేర్చుకోలేదు. ఆ పూట కూడా ఏమీ పడలేదు. సాయంత్రం మా అక్కయ్య వచ్చి, "నాన్నను కొన్నాళ్ళు ఇక్కడే ఉండనీరా" అన్నది. ఆయన మంచం, మడత కుర్చీ, కాలువ వైపు వీధి అరుగు అన్నీ ఆ యింటికి దగ్గరలోనే ఉన్నాయి. వేసవిలో కాలువలు కట్టే వరకు అక్కడ ఉండేటట్లూ, ఆ పిమ్మట మా వద్దకు వచ్చేటట్లూ నిర్ణయించుకొన్నాము. ఇది కూడా ఒకే ఒక మార్పు. ఫలితం తెలియడానికి కొంత వ్యవధి ఇవ్వాలి కదా!

మరపు తగ్గిందని వ్రాస్తే అది అబద్ధమవుతుంది. క్రిందటి వారం ఫోను చేస్తే, "ఎవరు బాబూ మాట్లాడేది?" అని అడిగారు. చెప్పాను. కొంతసేపు నిశ్శబ్దం. నేను ఇంకేమి మాట్లాడాలో తోచక, ఆదివారం చెరువుకు వెళ్ళివచ్చానని చెప్పాను.

"పడిందా?" అన్నారు వెంటనే.

"లేదు నాన్నగారూ."

"ఏం మార్చావు?"

"ఎర ఒక్కటే."

"మంచిది. వచ్చే వారం చోటు మార్చి చూడు" అన్నారు.

చూస్తాను. పాఠక సోదర సోదరీమణులలో ఎవరికైనా ఈ వ్యాసంగంలో అనుభవం ఉన్నచో, చేప పడిన కథలే కాక పడని కథలు కూడా వ్రాసి పంపవలసినదిగా మనవి. వచ్చే సంచికలో మరొక తీరిక వేళ కలుసుకొందాము.